పదముల చుట్టరికము

గ్రామ పాఠశాల యొకదానిలో ఉపాధ్యాయుడు ఎనిమిదవ తరగతి నల్లబల్లపై ఒకనాడు ఇట్లు వ్రాసెను:

ఆవు : దూడ :: ఏనుగు : ?

దాని క్రింద తొండము, మావటి, చెఱకు, గున్న అను నాలుగు పదములను వ్రాసి, ప్రశ్న గుర్తు ఉన్న చోట వీనిలో ఏది తగునో చెప్పుడని విద్యార్థుల నడిగెను.

అడిగిన మరుక్షణమే సమాధానములు వచ్చినవి. ముందు వరుసలోని బాలుడు లేచి "తొండము" అనెను. తొండము లేని ఏనుగు ఉండదు గదా అని అతని తలంపు. వేరొకడు "మావటి" అనెను. మావటి లేనిదే ఏనుగు మాట వినదని అతడు కారణము చెప్పెను. ఇంకొకడు ఏనుగునకు చెఱకు మిక్కిలి ప్రీతి యని వినియుండెను. కావున "చెఱకు" అనెను. వెనుక వరుసలోని బాలిక మాత్రము కొంతసేపు ఊరకుండి, పిమ్మట నెమ్మదిగా లేచి, "ఆవు బిడ్డను దూడ అందురు. ఏనుగు బిడ్డను గున్న అందురు. కావున గున్న అనుటయే సరి" అని పలికెను.

మొదటి మువ్వురును చెప్పిన మాటలలో అబద్ధ మేమియు లేదు. ఏనుగునకు తొండము కలదు, మావటి కలడు, చెఱకు ప్రీతియే. అయినను వారి సమాధానములు తప్పినవి. ఏలయన, వారు ఏనుగును చూచిరి గాని ఆవును, దూడను చూడలేదు. ప్రశ్నలోని సగభాగమును విడిచి, మిగిలిన సగమునకు బదులు చెప్పిరి. బాలిక ఆవునుండి ప్రారంభించెను. ఆవునకును దూడకును గల సంబంధము నెఱిగెను. ఆ సంబంధమును చేతబట్టుకొని ఏనుగు కడకు పోయెను.

ఇట్టి ప్రశ్నలకు పదసాదృశ్య ప్రశ్నలని పేరు. ఇందు మొదటి జంట ఒక సంబంధమును చూపును. రెండవ జంటలో ఒక పదము మాత్రమే యుండును. మొదటి జంటలో ఏ సంబంధ మున్నదో అదియే రెండవ జంటలోను నిలుచునట్లు లోపించిన పదమును పూరింపవలెను. "ఆవునకు దూడ యెట్లో ఏనుగునకు గున్న అట్లు" అని దీనిని చదువుకొనవలెను.

పెండ్లిపందిటిలోనికి క్రొత్త బాలుడు వచ్చినచో పెద్దలు మొట్టమొదట అడుగునది అతని చదువును గాదు, సంపదను గాదు. "నీవు ఎవరి అబ్బాయివి?" అని అడుగుదురు. చుట్టరికము తెలిసిన పిమ్మట అతనిని ఏమని పిలువవలెనో, ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టవలెనో తేలిపోవును. పదముల విషయమును ఇట్టిదే. ఒక పదమునకు అర్థము తెలిసినంత మాత్రమున చాలదు. అది ప్రక్క పదమునకు ఏమి కావలెనో తెలియవలెను. పదసాదృశ్య ప్రశ్న అడుగునది ఆ చుట్టరికమునే.

నేటి విద్యార్థులకు ఈ విద్యతో ప్రత్యక్ష ప్రయోజనము కూడ కలదు. ఆర్థికముగా వెనుకబడిన కుటుంబముల పిల్లలు ఎనిమిదవ తరగతితో చదువు మానకుండుటకై కేంద్ర ప్రభుత్వము 2008లో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అను పథకమును ప్రారంభించెను. ఎనిమిదవ తరగతి చదువుచుండగనే వ్రాయు ఆ పరీక్షలో మానసిక సామర్థ్యమును పరీక్షించు భాగ మొకటి కలదు. అందు 90 ప్రశ్నలుండును. సాదృశ్యము, వర్గీకరణము, సంఖ్యల వరుసలు మున్నగునవి వానిలోని ప్రధాన విషయములు. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు ఉపకార వేతనము లభించును. 2017 నుండి ఆ మొత్తము ఏటికి 12,000 రూపాయలు. ఒక పేద యింటి బిడ్డకు నాలుగేండ్ల చదువు ఇట్టి ప్రశ్నలపై కొంత ఆధారపడి యున్నదనిన, ఇవి వట్టి వినోదము కొఱకైన పొడుపుకథలు కావని తెలియుచున్నది.

రెండు చుక్కలును నాలుగు చుక్కలును గల ఈ వ్రాత గణితమునుండి వచ్చినది. గణితమున దీనిని అనుపాతమందురు. నాలుగు చుక్కల గుర్తును ఇంగ్లండు దేశపు గణితజ్ఞుడు విలియం ఔట్రెడ్ 1631లో ప్రకటించిన తన గ్రంథమున వాడెను. గుర్తు ఆనాటిదే యైనను దాని వెనుకనున్న ఆలోచన చాల ప్రాచీనము. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున త్రైరాశికమను లెక్క కలదు. తెలిసిన మూడు రాశులనుండి తెలియని నాలుగవ రాశిని కనుగొనుటయే త్రైరాశికము. మూడు పుస్తకముల వెల 60 రూపాయలైనచో ఏడు పుస్తకముల వెల యెంత? ఇందు మూడు ప్రమాణరాశి, అరువది ఫలరాశి, ఏడు ఇచ్ఛారాశి. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపగా 140 వచ్చును. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెనిగించినందున గణితవిద్య పద్యరూపమున తెలుగువారికి అందినది. ఆవు ప్రమాణము, దూడ ఫలము, ఏనుగు ఇచ్ఛ అనుకొన్నచో పదసాదృశ్యము త్రైరాశికమునకు చెల్లెలని చెప్పవచ్చును. అక్కడ సంఖ్యలు, ఇక్కడ మాటలు, అంతియే భేదము.

మన తర్కశాస్త్రము సాదృశ్యమునకు మరింత గౌరవ మిచ్చినది. గౌతముని న్యాయసూత్రములు జ్ఞానమునకు నాలుగు సాధనములను చెప్పినవి. అవి ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. ఉపమానమునకు నైయాయికులు చెప్పు ఉదాహరణము ప్రసిద్ధము. నగరవాసి యొకడు గవయమను మృగమును ఎన్నడును చూడలేదు. అది ఆవును పోలియుండునని అడవిలో తిరుగువాడు అతనికి చెప్పెను. కొంతకాలమునకు నగరవాసి అడవికి పోయి, ఆవువలె నున్నదియు ఆవు కానిదియు నగు మృగమును చూచి, ఇదియే గవయమని గుర్తించెను. ఎఱిగిన దాని సాయముతో ఎఱుగని దానిని తెలిసికొనుట యనగా ఇదియే.

కావ్యములలో ఈ సాదృశ్యమే అలంకారమైనది. "ఆ బాలుని మాట తేనెవలె తీయగా నున్నది" అను వాక్యమున మాట ఉపమేయము, తేనె ఉపమానము, తీయదనము సమానధర్మము, వలె అనునది ఉపమావాచకము. ఇందు రెండు వస్తువులకు పోలిక చెప్పబడినది. పదసాదృశ్యమున నైనచో వస్తువునకు వస్తువుతో పోలిక లేదు. సంబంధమునకు సంబంధముతో పోలిక. ఆవు ఏనుగును పోలియుండ నక్కఱలేదు. దూడ గున్నను పోలియుండ నక్కఱలేదు. తల్లీబిడ్డల సంబంధము రెండుచోట్ల ఒకటైన చాలును. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కావ్యమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ విషయమును వివరించుచు, పగటికి సాయంకాల మెట్టిదో జీవితమునకు వార్ధక్య మట్టిదని చూపెను. అందువలననే వృద్ధాప్యమును జీవితపు సాయంకాల మనవచ్చునని అతడు చెప్పెను. మన భాషలోను జీవనసంధ్య యను మాట కలదు. జడకు పాయలు కలవు. గోదావరికిని పాయలు కలవు. ఈ రెండింటిని ఒకే పేర పిలిచిన మన పూర్వులు, బడి ముఖము చూడనివారైనను, పదసాదృశ్యము నెఱిగినవారే.

ఇక ఈ చుట్టరికము లెన్ని విధములో చూడవలసి యున్నది. కుమ్మరి అను పదము నొకదానిని తీసికొన్నచో చాలును. కుమ్మరి : కుండ అనినచో పనివానికిని అతడు చేయు వస్తువునకును గల సంబంధము, దానికి సరియగు జంట సాలె : వస్త్రము. కుమ్మరి : సారె అనినచో పనివానికిని పనిముట్టునకును గల సంబంధము, దానికి సరియగునది సాలె : మగ్గము. కుమ్మరి : మన్ను అనినచో పనివానికిని ముడిసరుకునకును గల సంబంధము; దానికి సరియగునది సాలె : నూలు. కుమ్మరి యొకడే, ప్రక్కన నిలిచిన పదము మాఱినప్పుడెల్ల చుట్టరికము మాఱినది. ఒకే మనుష్యుడు ఒకరికి కొడుకు, వేరొకరికి అన్న, మఱియొకరికి మేనమామ యగుట లేదా? అట్లే ఇదియు.

మొత్తమునకును భాగమునకును గల సంబంధము వేరొకటి. చెట్టు : కొమ్మ అనునది ఇట్టిది. అయితే భాగములలోను భేదములు కలవు. నాగలి : మేడి అను జంటను చూడవలెను. మేడి నాగలిలో భాగమే. కాని అది రైతు చేతితో పట్టుకొను భాగము. కావున దీనికి తగిన జంట కత్తి : పిడి యగును గాని కత్తి : అంచు కాదు. అంచు కూడ కత్తిలో భాగమే యైనను అది కోయు భాగము. నేలను కోయునది కఱ్ఱు. కాబట్టి నాగలి : కఱ్ఱు అని యిచ్చినపుడు మాత్రమే కత్తి : అంచు సరిపోవును. మేడి యనిన నేమో, కఱ్ఱు అనిన నేమో తెలియనివాడు ఎంత తెలివిగలవాడైనను ఇచట నిలిచిపోవును. పదసంపద లేనిచో తర్కము పనిచేయదు.

తీవ్రతలోని హెచ్చుతగ్గులను తెలుపు జంటలు మరికొన్ని. తుంపర : కుంభవృష్టి :: పిల్లగాలి : పెనుగాలి. కార్యకారణ సంబంధమును తెలుపునవి కొన్ని. నిప్పు : పొగ అనునది అట్టిది. వ్యతిరేకార్థములు, సమానార్థములు అందఱెఱిగినవే. మన వ్యాకరణమునకు చెందిన సంబంధములను కూడ అడుగవచ్చును. ఉదాహరణమునకు,

రాత్రి : రాతిరి :: విద్య : ?

అని యిచ్చి, చదువు, గురువు, విద్దె, అవిద్య అను నాలుగు పదములను చూపినారనుకొందము. చదువు అను పదము విద్యకు సమానార్థకము. చూచిన వెంటనే కన్ను దానిపై నిలుచును. కాని రాత్రికి రాతిరి వట్టి సమానార్థకము కాదు. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి. సంస్కృత పదమే మాఱి తెలుగున రూపాంతరము పొందినది. విద్యకు అట్టి వికృతి విద్దె. కావున విద్దె యనునదే సమాధానము. ప్రశ్నలో రాత్రి : రేయి అని యుండినచో చదువు అను సమాధానమే తగియుండెడిది.

చుట్టరికములలో నిజమైన చుట్టరికములే అడిగినచో తెలుగు విద్యార్థి మరింత జాగరూకుడై యుండవలెను. కొన్ని భాషలలో అన్నకును తమ్మునికిని ఒకే పదము వాడుదురు. తెలుగున పెద్దచిన్నల భేదము పదములోనే యిమిడి యున్నది. అన్న : వదిన :: అక్క : ? అను ప్రశ్నకు చెల్లెలు అనుట తప్పు. అన్న భార్య వదిన; అక్క భర్త బావ. అన్న : తమ్ముడు :: అక్క : ? అని యడిగినప్పుడు మాత్రమే చెల్లెలు అనుట ఒప్పు.

ఇన్ని విధములను కంఠస్థము చేసిన మాత్రమున ప్రశ్నలు సాధింపబడవు. విధముల పట్టికలు పరీక్షాగృహమున మఱచిపోవచ్చును. మఱపు రాని ఉపాయ మొకటి కలదు. మొదటి జంటలోని రెండు పదములను కలిపి ఒక చిన్న వాక్యమును నిర్మింపవలెను. పిమ్మట ఆ వాక్యములో మాటలు మార్చకుండ రెండవ జంటను ఉంచి చూడవలెను. వెనుక వరుసలోని బాలిక చేసినది ఇదియే. "ఆవు బిడ్డను దూడ అందురు" అనునది ఆమె వాక్యము. అందులో ఆవును తీసి ఏనుగును, దూడను తీసి తొండమును ఉంచినచో "ఏనుగు బిడ్డను తొండము అందురు" అని వచ్చును. ఆ వాక్యము వినిన యెవడైనను నవ్వును. ఆ నవ్వే తప్పును పట్టియిచ్చును.

వాక్యము వదులుగా నుండరాదు. ఈ ప్రశ్నను చూడవలెను:

గోదావరి : త్ర్యంబకము :: కృష్ణ : ?

విజయవాడ, శ్రీశైలము, హంసలదీవి, మహాబలేశ్వరము అనునవి ఇచ్చిన నాలుగు పదములు. "త్ర్యంబకము గోదావరికి సంబంధించిన స్థలము" అని వాక్యము చెప్పుకొన్నచో నాలుగును సరిపోవును. నాలుగును కృష్ణానదికి సంబంధించిన స్థలములే. నాలుగును సరిపోయిన దనగా వాక్యము వదులుగా నున్న దని యర్థము. అప్పుడు దానిని బిగింపవలెను. త్ర్యంబకమునకు గోదావరితో గల విశేష సంబంధ మేమి? గోదావరి అచట పుట్టినది. "గోదావరి త్ర్యంబకమున పుట్టినది, కృష్ణ మహాబలేశ్వరమున పుట్టినది." ఇప్పుడు ఒక్కటియే నిలిచినది. త్ర్యంబకమునకు బదులు ధవళేశ్వరమని యుండినచో నదికి అడ్డముగా బ్యారేజి గల చోటని వాక్యము మాఱి విజయవాడ సమాధాన మయ్యెడిది. అంతర్వేది యని యుండినచో నది సముద్రమున కలియు చోటని చెప్పుకొని హంసలదీవిని ఎన్నుకొనవలసి యుండెడిది. భూగోళమును చదివినవానికి ఈ ప్రశ్న అరనిముషపు పని. చదువనివానికి ఏ ఉపాయమును అక్కఱకు రాదు.

వాక్యము యొక్క దిక్కు కూడ ముఖ్యము. శిష్యుడు : గురువు అని యిచ్చినచో రోగి : వైద్యుడు అనునది సరియగు జంట, సాయము కోరువాడు ముందు, సాయము చేయువాడు వెనుక. వైద్యుడు : రోగి అనినచో సంబంధ మదియే యైనను దిక్కు తారుమారైనది. తండ్రి కొడుకునకు ఏమగునో కొడుకు తండ్రికి అది కాడు గదా. తొందరపడు విద్యార్థులు తఱచుగా జాఱిపడునది ఇచటనే.

ఒక్కొక్కప్పుడు మొదటి జంటయే రెండు మూడు అర్థముల కెడమిచ్చును. 2 : 4 :: 3 : ? అను దానికి సమాధాన మేమి? నాలుగు రెండునకు రెట్టింపు అనుకొన్నచో ఆఱు. నాలుగు రెండు యొక్క వర్గమనుకొన్నచో తొమ్మిది. రెండునకు రెండు కలిపినారనుకొన్నచో ఐదు. మూడు సమాధానములకును కారణములు కలవు. ఇట్టి స్థితిలో ఇచ్చిన నాలుగు సమాధానములను చూచియే నిర్ణయింపవలెను. వానిలో ఆఱు లేక తొమ్మిది మాత్రమే యున్నచో ప్రశ్న వేసినవాని మనస్సున వర్గమున్నదని తెలియును. తన వాక్యమే సత్యమని పట్టుబట్టక, అది పొసగనప్పుడు వేరొక వాక్యమును వెదకుట ఓటమి కాదు, వివేకము.

ఇంతవరకు పరీక్షల మాట. పరీక్షాగృహము వెలుపల కూడ మనుష్యులు రాత్రింబవళ్ళు సాదృశ్యములతోనే ఆలోచించుచుందురు. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ కేంద్రకము కలదని తెలిపెను. ఆ పిమ్మట పరమాణువును సౌరకుటుంబముతో పోల్చి చెప్పుట వాడుక యైనది. సూర్యునకు గ్రహములెట్లో కేంద్రకమునకు ఎలక్ట్రానులట్లు. కంటికి కనబడని వస్తువును ఊహించుటకు ఈ పోలిక లక్షలాది విద్యార్థులకు తోడ్పడినది. కాని గ్రహములను గురుత్వాకర్షణము పట్టియుంచగా ఎలక్ట్రానులను పట్టియుంచునది విద్యుదాకర్షణము. గ్రహములవలె ఎలక్ట్రానులు గీత గీసినట్లు ఒక దారిని తిరుగవని 1920 తరువాతి దశాబ్దములో విజ్ఞానులు తెలిసికొనిరి. పోలిక దారి చూపినది. ఒక మలుపు దగ్గఱ ఆగిపోయినది. ఆ మలుపును గుర్తించినవాడే శాస్త్రజ్ఞుడు.

ఆగవలసిన చోట ఆగని పోలిక హాని చేయును. "పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు" అని తెలుగు సామెత. పులికి చారలు కలవు, పులికి బలము కలదు. కావున చారలుండిన బలము వచ్చునని నక్క తలచినది. చారలకును బలమునకును సంబంధము కలదా యని అది విచారింపలేదు. వాక్యము చెప్పుకొనకుండ సమాధానమును ఎన్నుకొన్న విద్యార్థివలె, వాత పెట్టుకొని బాధపడినది.

సామెతలలోను సాదృశ్యములు కలవు. వానిని కూడ పరీక్షించి గైకొనవలెను. "మొక్కై వంగనిది మ్రానై వంగునా" అనుమాట యుండనే యున్నది. మొక్క : మ్రాను :: బాలుడు : పెద్దవాడు. చిన్ననాడే మంచి యలవాట్లు నేర్వవలెనని చెప్పుటకు ఇది చక్కని పోలిక. కాని పెద్దవయసువారు ఇక నేమియు నేర్వలేరని చెప్పుటకు దీనినే వాడినచో పోలిక గీత దాటినది. మనుష్యుని మనస్సు కట్టె కాదు. 1990 తరువాత తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగెను. పగలెల్ల కూలి చేసికొను స్త్రీలు రాత్రి బడులలో అక్షరములు నేర్చిరి. వాచకములోని పాఠములు సారా వలన కుటుంబములకు కలుగు కష్టములను గూర్చి చెప్పుచుండెను. చదివిన స్త్రీలు చదివి యూరకుండలేదు. దూబగుంట గ్రామమున వారు సారా విక్రయము నెదిరించి నిలిచిరి. ఆ యుద్యమము జిల్లా యంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. మ్రానులు వంగవని సామెత ననుసరించి ఎవరైన ఆ బడులను మూసివేసి యుండినచో ఇదంతయు జరిగియుండదు. పోలిక విషయమును వివరించును; అంతమాత్రమున ఋజువు చేయదు. ఋజువునకు వేఱుగా సాక్ష్యము కావలెను.

ఇటీవల యంత్రములు కూడ పదసాదృశ్యమును నేర్చినవి. 2013లో గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు కంప్యూటరుచే కోట్లకొలది ఇంగ్లీషు వాక్యములను చదివించి, ఒక్కొక్క పదమును ఒక సంఖ్యల వరుసగా మార్చిరి. రాజు అను పదపు వరుసనుండి పురుషుడు అను పదపు వరుసను తీసివేసి, స్త్రీ యను పదపు వరుసను కలిపినచో వచ్చు ఫలము రాణి యను పదమునకు దగ్గఱగా నుండెను. పురుషునకు రాజెట్లో స్త్రీకి రాణి యట్లు! త్రైరాశికము మరల మాటలలోనికి వచ్చినది. కాని 2016లో వేఱు పరిశోధకులు ఆ సంఖ్యలనే పరీక్షింపగా ఒక వింత బయటపడెను. పురుషునకు కంప్యూటర్ ప్రోగ్రామర్ ఎట్లో స్త్రీకి ఎవరు అని యడుగగా యంత్రము గృహిణి యని సమాధానమిచ్చెను. యంత్రమునకు పక్షపాత మెక్కడిది? అది చదివిన వార్తలు మనుష్యులు వ్రాసినవి. మనుష్యుల పక్షపాతమే దానికి చుట్టరికముగా కనబడినది. ఏ పదమునకు ఏ పదము చుట్టమో యంత్రము లెక్కింపగలదు. ఆ చుట్టరికము న్యాయమైనదా కాదా యని అడుగవలసినవాడు మనుష్యుడే.

ఈ విద్యను అభ్యసించుటకు ధనముతో పని లేదు. బడికి పోవు దారిలో కనబడిన రెండు వస్తువులను కలిపి ఒక వాక్యము చెప్పుకొనవచ్చును. అదే వాక్యమునకు తగిన వేరొక జంటను వెదకవచ్చును. చెఱువునకు గట్టు ఏమగును? పొలమునకు అట్టి దేది? గూటికి పక్షి యెట్లో పుట్టకు ఏది యట్లు? ఇద్దఱు స్నేహితులు కలిసినచో ఒకడు ప్రశ్న వేయగా వేరొకడు సమాధానము చెప్పవచ్చును. సమాధానము చెప్పినవాడు వాక్యమును కూడ చెప్పవలెనని నియమము పెట్టుకొనవలెను. వాక్యము చెప్పలేని సమాధానము, ఒప్పైనను, అదృష్టమే గాని తెలివి కాదు.

ఆ గ్రామ పాఠశాలలో నాడు ఉపాధ్యాయుడు బాలిక సమాధానమును మెచ్చి, మువ్వురు బాలురను కోపింపక, వారి సమాధానముల ప్రక్కన క్రొత్త జంటలను వ్రాయుడనెను. తొండమన్న బాలుడు "ఏనుగు : తొండము :: మనుష్యుడు : చేయి" అని వ్రాసెను. మావటి యన్నవాడు "ఏనుగు : మావటి :: బండి : బండివాడు" అని వ్రాసెను. చెఱకు అన్నవాడు "ఏనుగు : చెఱకు :: కోతి : అరటిపండు" అని వ్రాసెను. ముగ్గురి వ్రాతలును సరిగానే యున్నవి. తప్పుగా తోచిన ప్రతి పదమునకును తగిన స్థానము వేరొకచోట నున్నదని వారు తెలిసికొనిరి. ఏ మాట యెచట కూర్చుండదగునో ఎఱిగి, తొందరపడక, దానిని అచటనే కూర్చుండబెట్టుటయే పదసాదృశ్యము నేర్పు పాఠము.